హాజరు పట్టీ

టంగుటూరులో గాలికి కూడా పొగాకు వాసనే.
మా గ్రేడింగ్ షెడ్డు తలుపు తీస్తే
అది ముక్కులోకి రాదు,
నేరుగా చొక్కా జేబులోకి వస్తుంది.
ఆ జేబు ఖాళీ చేసి ఇవాళ్టికి పదకొండు రోజులు.

ఒంగోలు డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకి పట్టి
చూపు మాత్రం గోడ మీది క్యాలెండరుకి తగిలించి
"ఇరవై ఒక్క రోజులు ఓర్చుకో,
అలవాటు దానంతటదే పోద్ది" అన్నాడు.
అదే వారం హైదరాబాదు నుంచి దిగిన కుర్రాడు
మేనేజరు గదిలో తెర దించి
ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెకి బాణం గీసి
"మార్పంటే నొప్పే సార్, ఒక్క క్వార్టరు,
తర్వాత అంతా సర్దుకుంటుంది" అన్నాడు.
వేర్వేరు ఊళ్ళ మనుషులు.
చదువుకున్న పాఠం ఒకటే అయ్యుండాలి.

నాది టైమాఫీసు.
నూట నలభై రెండు మంది ఆడాళ్ళకి
పంతొమ్మిదేళ్ళుగా హాజరు వేసిన చెయ్యి ఇది.
ఇప్పుడు మిషను వచ్చింది.
ఆకు రంగు అదే చూస్తుంది, అదే విడదీస్తుంది,
మధ్యలో మంచినీళ్ళకి లేవదు.
ముప్పై ఎనిమిది పేర్లు ఉంచి
తక్కినవి కొట్టెయ్యమన్నారు.
ఎర్ర పెన్ను కూడా వాళ్ళదే.

కొట్టేటప్పుడు నాకు సిగరెట్టు కావాలి.
సిగ్గుగా ఉన్నా, అదీ అసలు సంగతి.
పేరుకో దమ్ము చొప్పున
మనసులో పీల్చుకుంటూ పోయాను.

పెంచలమ్మ. ఆకు నలిపి, ఏ చేలోదో చెప్పేది.
ఖాసింబీ. దగ్గుతూనే మమ్మల్ని నవ్వించేది.
మాలకొండమ్మ. సంతకం నా దగ్గరే నేర్చుకుంది,
పోయినేడు, ఇదే పట్టీలో, వేలు పట్టి దిద్దిస్తే.
ఆ సంతకాన్నే
సెటిల్మెంటు కాగితం మీద పెట్టించుకున్నాను.
'కొ' దగ్గర ఒక్క క్షణం ఆగి,
"కరెక్టేనా సార్?" అని అడిగింది.
కరెక్టే అన్నాను.

వెళ్ళేవాళ్ళకి తలా ఒక స్టీలు క్యారియరు ఇచ్చారు,
మూత మీద కంపెనీ పేరుతో.
మా ఆవిడ నాకు సోంపు పొట్లం ఇచ్చింది.

సోమవారం ఆరుంబావుకి
షేరాటోలోంచి మాలకొండమ్మ దిగింది, కొత్త క్యారియరుతో.
గేటు దాకా వచ్చి నాలిక కరుచుకుని
"కాళ్ళు మర్చిపోయినయ్ సార్" అంది.
అప్పుడు నా చెయ్యి
ఖాళీ జేబు మీదే ఉంది.

అయినా రెండూ ఒకటెట్లా అవుతాయి?
నేను మానేసిన సిగరెట్టుకి పిల్లల్లేరు.
డ్వాక్రా వాయిదా లేదు,
మోకాళ్ళ నొప్పి లేదు.
అది పొయ్యి, ఇంకొకడి జేబులో హాయిగా బతుకుద్ది.
నన్ను బతికించడానికి నేను దాన్ని పంపాను.
మరి కంపెనీ పంపించింది దగ్గునా,
ఊపిరినా?
ఆ పెట్టెల్లో ఎక్కడా రాసిలేదు.

నెల తిరక్కముందే ముసురు పట్టింది.
చెమ్మ తగిలిన ఆకుని మిషను గుర్తుపట్టలేదు.
బేళ్ళకి బేళ్ళు వెనక్కొచ్చాయి.
"ఆ పెంచలమ్మకి ఒక ఫోను కొట్టు,
రోజుకూలీ మీద. పట్టీలో ఎక్కించొద్దు" అన్నాడు మేనేజరు.

ఆ సాయంత్రమే
లారీ డ్రైవరు దగ్గర నేనూ ఒకటి అడిగి తీసుకున్నాను.
ఒక్కటే గదా, లెక్కలోకి రాదు.
షెడ్డు వెనక, గోనెసంచుల చాటున,
అగ్గిపుల్ల చెమ్మకి వెలక్క, మళ్ళీ గీస్తుంటే
వెనక గేటు లోంచి పెంచలమ్మ.

"మానేశారంట గదా సార్?"
"నిన్నూ మానిపించారు గదా?"

చేతిలోంచి సిగరెట్టు లాక్కుంది.
కాగితం చీల్చి, పొడిని అరచేతిలో పోసుకుని,
బొటనవేలితో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని,
పాతికేళ్ళు ఎట్లా చూసిందో అట్లానే చూసి
చెయ్యి దులిపేసింది.

"మన నేల ఆకు కూడా కాదు సార్ ఇది.
దీనికోసమా ఇంత?"